వెనకాల చల్లిన నీళ్ళు

నీళ్ళ చెంబు స్తమెనా చేతిలో ఉండగానే కొడుకు కారు వీధి మలుపు తిరిగిపోయింది.

తప్పంతా వంటింటి కిటికీది. రదిషా బయల్దేరేటప్పుడు ఇటు తలుపు తెరిచి ఉంది, అటు కిటికీ తెరిచి ఉంది, మధ్యలో వాడి మెడ. అలాంటి అడ్డగాలికే ఆమె మేనమామకు మూతి వంకర పోయింది. పరుగున వెళ్ళి కిటికీ మూసి వచ్చేసరికి ఇదీ సంగతి.

పదిహేడేళ్ళు ఫుట్‌బాల్ ఆడాడు రదిషా. బెల్‌గ్రేడ్ అన్నాడు, గ్రీసు అన్నాడు, సైప్రస్ అన్నాడు. ఇంట్లోంచి కదిలిన ప్రతిసారీ, వెళ్ళిన పని నీళ్ళలా సాఫీగా సాగాలని ఆమె వెనకాల చెంబుడు నీళ్ళు పోసింది. ఆట మాత్రం ఒక్కటీ చూడలేదు. ఫోను మోగేదాకా మిరపకాయ పచ్చడి సీసాల మధ్య సామాన్ల గదిలో కూర్చునేది. ఒక్కసారి వాడు ఇంటికి రాకుండా హోటల్లోంచే వెళ్ళాడు. మోకాలు విరిగింది, ఆట ముగిసింది. గడ్డి తడిగా ఉండబట్టి అన్నాడు డాక్టరు. ఆయనకేం తెలుసు?

చలికాలం నుంచి సొంత ఊరి జట్టుకే కోచ్. జట్టు పట్టికలో అడుగున ఉంది. ఈ రోజు ఆఖరి ఆట. ఆట సమమై ఒక్క పాయింటు వచ్చినా జట్టు ఈ లీగులో నిలుస్తుంది, రదిషా కొలువు నిలుస్తుంది. లేదంటే కజకిస్తాన్‌లో ఉద్యోగం చూసుకుంటానన్నాడు. అక్కడ ముక్కులు గడ్డకట్టి రాలిపోతాయని స్తమెనా ఎక్కడో వింది.

"కొసారా! కారు తియ్యవే!" గోడ మీదుగా పొరుగింటామెను కేకేసింది.

"ఏమైంది వదినా? ఇల్లు అంటుకుందా?"

"అంతకంటే ఘోరం. నీళ్ళు పొయ్యలేదు."

కొసారా వెంటనే కారు తాళాలు అందుకుంది. దారంతా స్తమెనా ఒళ్ళో చెంబు. "గుంటలు చూసి తోలవే, ఒలుకుతున్నాయి!"

"నువ్వు అరవకపోతే గుంటలు కనపడతాయి. అన్నట్టు, వచ్చిన జట్టుకీ ఒక్క పాయింటే కావాలట వదినా."

"వాళ్ళకి వాళ్ళ అమ్మలున్నారు. పోనియ్యి!"

మైదానం చేరేసరికి సగం ఆట అయింది. ఎదుటివాళ్ళది ఒక గోలు, మనది సున్నా. ఆమె జనాన్ని మోచేతులతో తోసుకుంటూ, ఆటగాళ్ళు బయటికొచ్చే దారి పక్కన కమ్మీ పట్టుకుని నిలబడింది. అంతలో ఒక వెడల్పాటి వీపు బయటికొచ్చింది. ఎర్ర కోటు, నడినెత్తిన బట్టతల, అచ్చం వాళ్ళ నాన్న పోలిక, రదిషాయే! స్తమెనా కళ్ళు మూసుకుని చెంబు మొత్తం కుమ్మరించింది.

ఆ మనిషి వెనక్కి తిరిగాడు. గుబురు మీసాలు!

"అయ్యో నా ఖర్మా!" నెత్తి కొట్టుకుంది కొసారా. "వాళ్ళ కోచ్‌కి పోశావు కదా వదినా! ఉన్న అదృష్టమంతా తీసుకెళ్ళి వాళ్ళకే పెట్టావు!"

ఆ మీసాల మనిషి పిక్కల దాకా తడిసిపోయాడు. ఖాళీ చెంబు చూశాడు, ఆమె మొహం చూశాడు. "మా అమ్మ పోయి ఆరేళ్ళయింది తల్లీ," అన్నాడు మెల్లగా. "మళ్ళీ ఇన్నాళ్ళకు నా వెనకాల ఒకరు నీళ్ళు పోశారు." తల వంచి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

తిట్టాలో ఏడవాలో స్తమెనాకు తెలియలేదు. దాక్కోవడానికి ఇక్కడ సామాన్ల గది కూడా లేదు. జీవితంలో మొదటిసారి కొడుకు ఆట కళ్ళారా చూసింది, వేళ్ళ సందుల్లోంచి. వాడు గీత పక్కన నిలబడి చేతులు ఊపుతుంటే, "కోటు గుండీలు పెట్టుకోరా!" అని అరిచింది. మైదానమంతా నవ్వింది. ఎనభై ఏడో నిమిషంలో మన పొట్టి కుర్రాడెవడో తలతో కొట్టాడు. బంతి వలలో పడింది.

ఒకటికి ఒకటి. మిగిలిన కాసేపూ రెండు జట్లూ బంతిని పసిబిడ్డలా తమ దగ్గరే తిప్పుకున్నాయి. "ఇది ఆటా, షికారా?" అని ఎవరో అరిచారు. ఈల మోగింది. రెండు జట్లూ నిలిచాయి, రెండు వైపుల వాళ్ళూ ఎగిరారు.

సాయంత్రం స్తమెనా పిలుపు మీద ఆమె ఇంట్లో ఇద్దరు కోచ్‌లూ ఒకే బల్ల దగ్గర కైమా కూరిన క్యాబేజీ చుట్టలు తింటూ, ప్లమ్ సారా తాగుతూ కూర్చున్నారు. తడిసిన మనిషి గాలికి కూర్చోకూడదని ఆమె కిటికీలన్నీ మూసేసింది. ఇద్దరికీ చెమటలు.

అతను బస్సెక్కడానికి లేస్తే స్తమెనా నిండు చెంబుతో వీధిలోకొచ్చి, ఈసారి తెలిసే, అతని వెనకాల నీళ్ళు పోసింది.

"మరి నాకేదమ్మా?" అన్నాడు రదిషా గుమ్మంలోంచి.

"నువ్వెక్కడికీ వెళ్ళట్లేదుగా, నీకెందుకురా? లోపలికి రా, తలుపు వెయ్యి. గాలి కొడుతోంది."