ఆవిరి వాల్వు మీది తాళం

సెప్టెంబరులో ఒక మంగళవారం ఉదయం ఆరుంబావుకు తులారా చక్కెర మిల్లులో ష్రెడ్డర్ షాఫ్టు విరిగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. మిల్లు ఆగిపోయింది.

ఆ సమయానికి రెమో కవాలిని పంపుల షెడ్డులో ఉన్నాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను పంపు బేరింగుకు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కి పెట్టి లోపలి చప్పుడు వింటున్నాడు. జూన్‌లో చెరకు ఆడడం మొదలైతే రోజూ పొద్దున్నే అక్కడి పంపులన్నిటినీ అలా వినడం అతని అలవాటు. ఆ పని చేసే పరికరాలు ఆఫీసులో ఉన్నాయి. వాటినీ వాడతాడు, తర్వాత. మూడో పంపు దగ్గర ఉండగా కాళ్ళ కింద నేల అదిరింది. స్క్రూడ్రైవరు తీసి జేబులో పెట్టుకుని నిలబడ్డాడు. మిల్లు రొద తగ్గుతూ తగ్గుతూ పోయింది. తర్వాత ఆవిరి బయటికి వదిలిన కూత వినపడింది.

అతనికి అరవై రెండేళ్ళు. మనిషి పొడుగు, కాస్త ముందుకు వంగి నడుస్తాడు. పిడి ఆనించే చోట ఎడమ చెవి వెనక చర్మం కాయ కట్టింది. చొక్కా జేబులో ఉక్కు స్కేలు, కళ్ళజోడు, నూనె తుడిచే గుడ్డ ఉంటాయి. మెడలో తాడు, తాడుకు ఒక తాళంచెవి. మిల్లులో మెకానికల్ ఇంజనీరు అతనొక్కడే.

ఈ సీజను ఆగకుండా సాగితేనే వచ్చే ఏడు మిల్లు తెరుస్తామని కంపెనీ మే నెలలోనే చెప్పింది. లేకపోతే తులారా చెరకంతా రైల్లో ఉత్తరాన ఉన్న పెద్ద మిల్లుకు పోతుంది, ఈ మిల్లు మూతపడుతుంది. ఊళ్ళో రొట్టెలు కాల్చేవాడికీ, బడిలో పాఠం చెప్పేవాళ్ళకీ ఆ సంగతి తెలుసు.

ష్రెడ్డర్ దగ్గరికి వెళ్ళే ముందు రెమో ఆవిరి వాల్వు దగ్గర ఆగాడు. వాల్వు చక్రానికి గొలుసు చుట్టి ఉంది. ఫిట్టర్ల తాళాలు అప్పటికే గొలుసుకు వేలాడుతున్నాయి. తన ఎర్ర తాళాన్ని కూడా గొలుసుకు వేసి, తాళంచెవిని మెడలో తాడుకు తగిలించుకున్నాడు. యంత్రం మీద చెయ్యి పెట్టే ప్రతివాడూ సొంత తాళం వెయ్యాలి. ఎవడి తాళం వాడే తియ్యాలి. ఒక్క తాళం మిగిలి ఉన్నా ఆవిరి వదలకూడదు. తియ్యడం మరిచి ఇంటికి పోయినవాడికి ఫోను చేస్తారు. వాడు ఎంత దూరం నుంచైనా వెనక్కి వచ్చి తీసుకోవాలి, వచ్చేటప్పుడు అందరికీ ఒక పెట్టె బీరు తేవాలి. బీరు సంగతి నిబంధనల్లో లేదు. హెడ్ ఫిట్టరు క్లెమ్ టాంబో ఇప్పటికి చాలా పెట్టెలు తెచ్చాడు. రెమో ఒక్కటీ తేలేదు.

క్లెమ్ ష్రెడ్డర్ పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకే ఏడు మిల్లులో చేరారు.

"రారా ఇంజనీరూ. నీ ముద్దులపట్టి మెడ విరుచుకుని పడుంది."

"దగ్గర ఎవరన్నా ఉన్నారా?"

"బ్రైస్ గాడు ఉండాల్సింది. టీ పెట్టుకోడానికి పోయాడు. వాడి బద్ధకం ఇన్నాళ్ళకి ఒకడి ప్రాణం కాపాడింది."

"ఎవడిది?"

"వాడిదే."

రెమో నవ్వాడు. మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి తొంగి చూశాడు.

మిల్లులోకి వచ్చిన చెరకు మొదట పడేది ష్రెడ్డర్‌లోనే. ఉక్కు సుత్తులు బిగించిన పెద్ద రోటరు అందులో గిర్రున తిరుగుతూ గడల్ని పీచు పీచు చేస్తుంది. దాన్ని తప్పించుకుని చెరకు పోయే దారి ఇంకొకటి లేదు. రోటరును మోసే షాఫ్టు, దాన్ని ఆవిరితో తిప్పే టర్బైను వైపు, బేరింగు అంచున విరిగింది.

విరిగిన ముఖం భోజనం పళ్ళెమంత ఉంది. రెమో గుడ్డతో తుడిచి కళ్ళజోడు పెట్టుకున్నాడు. ముఖంలో ఎక్కువ భాగం నున్నగా ఉంది. దాని మీద వంపు గీతలు ఒకదాని వెనక ఒకటి, చెరువు నీళ్ళు తగ్గుతున్నప్పుడు గట్టు మీద మిగిలే గీతల్లా ఉన్నాయి. ఒక మూల కొంచెం మాత్రం గరుకుగా, అప్పుడే విరిచిన పటికబెల్లంలా మెరుస్తోంది. ఇవాళ పొద్దున విరిగింది ఆ కొంచెమే. మిగతాది ఎప్పుడో విరగడం మొదలుపెట్టింది.

యంత్రం తిరిగినన్నాళ్ళూ పగులు లోపలికి పోతుంది. సీజను అయ్యాక ఆగుతుంది. వానాకాలం తేమకు పగులు అంచున తుప్పు పట్టి ఒక గీత మిగులుతుంది. ఈ రోటరు తిరిగిన ప్రతి సీజనుకూ ఒక గీత. రెమో స్కేలు ఆనించి బయటి గీత నుంచి వెనక్కి వెళ్ళాడు. ఒక చోట రెండు గీతల మధ్య ఎడం ఎక్కువ ఉంది. అది తుఫాను తర్వాతి సీజను. పొలాల్లో పడిపోయిన చెరకును మట్టితో రాళ్ళతో సహా ఆడించారు. ఆ ఏడే అతని భార్య రోస్లిన్‌కు రెండో కాన్పు పోయింది. తర్వాత వాళ్ళు పిల్లల సంగతి ఎత్తలేదు. ఇంకొంచెం వెనక గీతలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. వానల్లేక చెరకు తక్కువ పండిన రోజులు. అతని తండ్రి అప్పుడే పోయాడు. సీజను మధ్యలో కావడంతో పొద్దున పాతిపెట్టి మధ్యాహ్నానికి రెమో మిల్లుకు వచ్చాడు. తండ్రి కత్తితో చెరకు కొట్టినవాడు. ఇంజనీరంటే రైలింజను నడిపేవాడని అనుకుని కొడుకును టౌన్స్‌విల్ కాలేజీకి పంపి చదివించాడు. అలా కాదని తెలిశాక కూడా అందరికీ అలాగే చెప్పేవాడు.

గీతలన్నీ వెనక్కి వెళ్ళి ఒకే చోట కలిశాయి. షాఫ్టు లావు మారే మెట్టు అది, బేరింగు వచ్చి ఆనుకునే మూల.

ఆ మూలను డ్రాయింగులో గీసింది రెమోనే. ముప్పై ఏళ్ళ వయసులో, ష్రెడ్డర్‌ను పెద్దది చేసినప్పుడు. పంపులు, బేరింగులు, బాయిలరు గొట్టాల చిల్లులు: అతని ఉద్యోగమంతా ఇతరులు గీసినవి బాగుచెయ్యడంతో గడిచింది. కొత్తగా గీసింది ఈ ఒక్క షాఫ్టే. మూలలో ఉక్కుకు ఇంకాస్త వంపు ఇవ్వాలి. ఇస్తే బేరింగు సరిగ్గా ఆనుకోదు, మధ్యలో ఒక రింగు వెయ్యాలి. రింగు లేకుండా కుదిరితే బాగుంటుందని వంపు తగ్గించాడు. మూల పదును తేలింది.

పదునుగా మలుపు తిరిగిన చోట ఒత్తిడంతా పోగవుతుందన్నది కాలేజీలో మొదటి ఏడు పాఠం. అతనికి అది అంతకు ముందే తెలుసు. అతని తల్లి బట్ట చింపేటప్పుడు ముందు అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టేది. తర్వాత రెండు వేళ్ళతో లాగితే చాలు, బట్ట చివరిదాకా చిరిగేది.

"ఎప్పట్నుంచిరా ఇది?" అన్నాడు క్లెమ్.

"మొదట్నుంచీ."

"మరి నువ్వు ఏటేటా ఆ డబ్బా పెట్టి చూస్తూనే ఉన్నావు గదా. ఏం కనపళ్ళేదా?"

"కనపడింది."

క్లెమ్ వంగి ఆ మూలను వేలితో తడిమాడు.

ఆ డబ్బా షాఫ్టు కొస నుంచి లోపలికి శబ్దం పంపుతుంది. పగులుంటే శబ్దం వెనక్కి కొట్టుకొచ్చి తెర మీద గీతలా లేస్తుంది. మెట్టుకు తగిలినా అలాగే లేస్తుంది. ఏటేటా ఒక గీత ఆ చోటే లేచింది. మెట్టు తనే గీశాడు కాబట్టి గీత అక్కడ లేవడం అతనికి సబబుగా తోచింది. గీత ఏటికేడు కాస్త పొడుగవుతుంటే డబ్బా పాతబడిందనుకున్నాడు.

మిల్లు మేనేజరు జనెల్ హార్ట్‌విగ్ ఫోను చేతిలో పట్టుకుని వచ్చింది. ఆమె ఈ పదవిలోకి వచ్చి రెండేళ్ళు. విరిగిన ముఖం వైపు చూసి, వెంటనే రెమో వైపు తిరిగింది.

"జత రోటరు ఉంది గదా. ఎప్పటికి ఎక్కిస్తారు?"

"రేపు పొద్దుటికి ఎక్కించొచ్చు," అన్నాడు క్లెమ్.

"ఎక్కించే ముందు దాని బేరింగు ఊడదీసి మూల చూడాలి," అన్నాడు రెమో.

"మే నెలలో చూశారుగా?"

"చూశాను. ఇంకోలా చూడాలి."

ఒక సీజను ఒక రోటరు తిరిగితే తర్వాతి సీజను రెండోది తిరుగుతుంది. రెండిటి షాఫ్టులూ ఒకే డ్రాయింగు నుంచి వచ్చాయి. రెండో రోటరు రైలు పట్టాల వైపు గేటు పక్కన, రేకుల షెడ్డులో దిమ్మల మీద ఉంది. ఫిట్టర్లు బేరింగును కాచి లాగి బయటికి తీసేసరికి పది దాటింది. ఉక్కు చల్లారేదాకా అందరూ టీ తాగారు. రెమో రోస్లిన్ కట్టిచ్చిన ఉప్పుమాంసం శాండ్‌విచ్ విప్పి సగం క్లెమ్‌కు ఇచ్చాడు.

"ఇదేంట్రా, ఇంత ఆవపిండి దట్టించింది మీ ఆవిడ?"

"నువ్వు తింటావని తెలిసి దట్టించింది."

రెమో మూల చుట్టూ ఎర్ర రంగు పూశాడు. రంగు ఇంకేదాకా ఆగి, పైన మిగిలింది గుడ్డతో తుడిచేశాడు. దాని మీద తెల్లపొడి చల్లాడు. పగులుంటే అందులో ఇంకిన రంగు పైకి ఊరి తెలుపు మీద కనపడుతుంది. రెమో, క్లెమ్, జనెల్ ముగ్గురూ వంగి చూస్తూ నిలబడ్డారు.

"రాకే తల్లీ," అన్నాడు క్లెమ్. "లోపలే ఉండు. రాకు."

తెలుపు మీద ఎర్ర చుక్క ఒకటి తేలింది. దాని పక్కన ఇంకొకటి. చుక్కలు కలిసి దారమై షాఫ్టు చుట్టూ మూడో వంతు దాకా పాకాయి.

జనెల్ ముందు నోరు విప్పింది.

"సీజను ముగియడానికి నాకు కావలసింది ఆరు వారాలు. అంతే. ఇది ఆరు వారాలు తిరుగుతుందా, రెమో?"

"తిరగొచ్చు."

"అంటే?"

"తిరగకపోనూవచ్చు. లోతెంతో నాకు తెలీదు. లోతు చూసే పద్ధతిలోనే ఇన్నేళ్ళూ పొరబడ్డాను."

"వేగం తగ్గించి తిప్పితే?"

"పక్కన మనుషులుంటారు. బ్రైస్ ప్రతిసారీ టీకి పోడు."

"కొత్తది చేయిస్తే?"

"నాలుగు నెలలు. ఇక్కడ డిసెంబరులోనే వానలు మొదలవుతాయి, చెరకు పొలాల్లోనే ఉండిపోతుంది."

జనెల్ ఫోనును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "మీరు కాదంటే నేను పైవాళ్ళకి చెప్పాలి. చెప్పాక ఇక మన చేతిలో ఏమీ ఉండదు. తెలుసు గదా?"

"తెలుసు."

"కాదంటున్నారా?"

"కాదంటున్నాను."

ఆమె షెడ్డు బయటికి వెళ్ళి పట్టాల మధ్య నిలబడి మాట్లాడింది. ఏం మాట్లాడిందో లోపలికి వినపడలేదు. మధ్యాహ్నానికి, పొలాల్లో నిండిన పెట్టెలతో నిలిచిపోయిన రైళ్ళను ఉత్తరానికి మళ్ళించమని కబురు వచ్చింది.

క్లెమ్ ఒక దిమ్మ మీద కూలబడ్డాడు. రెమో గుడ్డతో తెల్లపొడి తుడిచాడు. ఎర్ర దారం పోయింది. ఉక్కు మీద కంటికేమీ ఆనలేదు.

"గీసింది నేనే, క్లెమ్."

"బిగించింది నేను. సగం నాకు రాయి."

"నీకు తెలీదు. నాకు తెలుసు."

"నోరు మూసుకుని ఇంటికి పోరా. రేపు మాట్లాడుకుందాం."

రెమో షెడ్డు కుళాయి దగ్గర ఇసుక సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. రోజూ మిల్లు లోపలి నుంచి, ఆవిరి వాల్వు ముందు నుంచి బయటికి వెళ్తాడు. ఆ రోజు షెడ్డు పక్కనున్న గేటులోంచే కారు దగ్గరికి నడిచాడు. అప్పుడు మూడు కావస్తోంది.

కారు ఎక్కాక రోస్లిన్ ఫోను చేసింది.

"వచ్చేటప్పుడు రొట్టె పట్రా. మిల్లు ఆగిందటగా?"

"ఆగింది."

"మళ్ళీ నడుస్తుందా?"

"వచ్చి చెప్తా."

రొట్టె కొన్నాడు. కొట్టతను మిల్లు సంగతి అడిగాడు. రెమో తల అడ్డంగా ఊపాడు. కొట్టతను డబ్బు తీసుకోలేదు. రెమో నాణేలు బల్ల మీద పెట్టి వచ్చాడు. ఊరి చివర పట్టాల దగ్గర ఎర్ర దీపాలు వెలిగాయి. రెమో కారు ఆపి ఇంజను కట్టేశాడు. చెరకు రైలు ఉత్తరానికి పోతోంది.

షిఫ్టు ముగిసి ఫిట్టర్లు ఆవిరి వాల్వు దగ్గరికి వచ్చారు. ఒక్కొక్కరే తాళం తీసుకున్నారు. ఎర్రది ఒకటి మిగిలింది. క్లెమ్ దానికున్న పేరు ట్యాగు తిప్పి చదివాడు. పొద్దున్నుంచీ మొదటిసారి పెద్దగా నవ్వాడు.

"దొరికాడ్రా పెద్దమనిషి! ఇన్నేళ్ళకి దొరికాడు!"

అందరూ చుట్టూ మూగారు. క్లెమ్ ఫోను కలిపి, అందరికీ వినపడేలా పట్టుకున్నాడు. చాలాసేపు మోగాక అవతల ఎత్తారు.

"ఒరేయ్ ఇంజనీరూ, బండి వెనక్కి తిప్పు. ఒక పెట్టె. చల్లగా ఉండాలి, చెప్తున్నా."

"నేను మోరీన్ని, క్లెమ్," అంది పోస్టు వ్యాను నడిపే ఆవిడ. "రైలు గేటు దగ్గర ఉన్నా. రైలు పోయి చాలాసేపైంది. ఇతని కారు కదలకపోతే రెండుసార్లు హారను కొట్టాను. దిగి వచ్చి చూశాను."

గుండె ఆగిందని డాక్టరు రాశాడు. గడియారం, కళ్ళజోడు, ఉక్కు స్కేలు, తాడుతో సహా తాళంచెవి ఆసుపత్రివాళ్ళు ఒక కవరులో పెట్టి రోస్లిన్‌కు ఇచ్చారు. రొట్టె మోరీన్ తెచ్చి ఇచ్చింది.

శుక్రవారం కంపెనీ ప్రకటన వచ్చింది. తులారా మిల్లు ఇక తెరవరు.

తాళం వేసినవాడు తిరిగి రాలేని పరిస్థితిలో మేనేజరు అనుమతితో దాన్ని కొయ్యవచ్చు. జనెల్ అనుమతి ఇచ్చింది. సోమవారం క్లెమ్ పెద్ద కట్టరు తీసుకుని వాల్వు దగ్గరికి వెళ్ళాడు. ఆమె కూడా వెళ్ళింది.

"ఇప్పుడు ఆవిరి వదులుతున్నామా?" అని అడిగాడు.

"లేదు."

"ఎప్పుడన్నా?"

"లేదు, క్లెమ్."

అతను కట్టరును తీసుకెళ్ళి పనిముట్ల గదిలో దాని కొక్కేనికి తగిలించాడు.

వాల్వు చక్రానికి గొలుసు, గొలుసుకు ఎర్ర తాళం అలాగే ఉన్నాయి. ట్యాగు మీద ఉన్నది ఇంతే: ఆర్. కవాలిని, మెకానికల్.