ఒతీలియా గదిలో తేమ

తేమ లాగే యంత్రం డబ్బాలో నీళ్లు నిండితే ఎర్ర దీపం వెలుగుతుంది. పొద్దున లేవగానే నిబియా ముందు ఆ దీపం కేసి చూస్తుంది. వెలిగి ఉంటే గుడారం జిప్పు తీసి, మొక్కల ఆకులు తగలకుండా వంగి, డబ్బాను రెండు చేతులతో లాగి, తొణకకుండా వంటింటి దాకా మోసి సింకులో పారబోస్తుంది. తర్వాత మిల్టన్‌కు మాతే ఆకుల టీ కలపడానికి నీళ్లు కాచాలి. నీళ్లు మరగకూడదు. మరిగితే మాతే చేదెక్కుతుందని పెళ్లయిన కొత్తలో మిల్టన్ చెప్పాడు. ఈ చలికాలం నుంచి ఇంకో కారణం కూడా చేరింది. ఆవిరి.

ఆ ఇంట్లో ఆవిరి ఇప్పుడు నేరం. మాంసం, మొక్కజొన్న, గుమ్మడి వేసి పూటంతా ఉడికించే పుచేరో మానేశారు. స్నానం చేసి తలుపు తెరిచి ఉంచకూడదు. ఉతికిన బట్టలు ఇంట్లో ఆరేయకూడదు. నిబియా వాటిని మేడ మీదికి మోసుకెళ్లి తాడు మీద వేస్తుంది. మోంతెవిదేవోలో జులై అంటే నడి చలికాలం. మేడ మీద బట్టలు ఆరవు, చల్లబడతాయి. సాయంత్రం వాటిని దించి, అమ్మ నైటీని ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి ఇస్తుంది. అంచులు అప్పటికీ తడిగానే ఉంటాయి.

గుడారం బీరువా అంత ఎత్తు ఉంటుంది. బయట నల్లగుడ్డ, లోపల వెండిరంగు, పైన దీపం, పక్కన ఫ్యాను. మిల్టన్ పోస్టాఫీసుకు వెళ్లి, ఇంట్లో గంజాయి పెంచుకునేవాళ్ల జాబితాలో పేరు రాయించుకుని వచ్చాడు. ఆరు మొక్కలకు అనుమతి. నిబియా కుట్టుమిషను ఉన్న చిన్నగదిలో గుడారం లేచింది. కుట్టుమిషను మంచం కిందికి పోయింది.

"మా కాలంలో వాటిని దాచిపెట్టేవాళ్లు. ఇప్పుడు చుట్టాలొస్తే వాటిని చూపించి నన్ను దాస్తున్నారు," అనేది ఒతీలియా. ఆమె నిబియా తల్లి. దురాస్నో ఊళ్లో ఇల్లు అమ్మేసి, అంతకు ముందు చలికాలం కూతురి దగ్గరికి వచ్చింది. ఛాతీ బాగుండేది కాదు. మందులకన్నా పొడిగా ఉన్న గది ముఖ్యమని డాక్టరు చెప్పాడు. ఆ జూన్‌లో బోనసు రాగానే నిబియా తేమ లాగే యంత్రం కొని తల్లి మంచం పక్కన పెట్టింది. మర్నాడు డబ్బా సగం నిండింది.

"ఇవన్నీ ఎక్కడివే?"

"గోడలవి, గాలివి. కొంత నీ ఊపిరిది కూడానట అమ్మా. పడుకున్న మనిషి ఊపిరిలో తేమ ఉంటుందట."

"నా ఊపిరిని సింకులో పోస్తావా? మల్వోన్‌కు పొయ్యి."

కిటికీ గట్టు మీది మల్వోన్ పూలకుండీకి ఆ నీళ్లు పోయడం అలా మొదలైంది. ఆ ఏడాది ఒతీలియాకు దగ్గు తగ్గింది. మల్వోన్ చలికాలంలో కూడా పూసింది.

మొక్కలు పూతకు వచ్చిన ఆదివారం మిల్టన్ స్నేహితుడు తబారే వచ్చాడు. గుడారం జిప్పు తీసి, లోపల వేలాడుతున్న తేమ మీటరు చూసి ఈల వేశాడు.

"ఎనభై! ఏంట్రా ఇది, చెరువా? మొక్క చిన్నగా ఉన్నప్పుడు తేమ కావాలి, నిజమే. పూత వచ్చాక యాభై దాటనివ్వకూడదు. బూజు పడుతుంది. పైకి ఏమీ తెలియదు. లోపల్నుంచి కుళ్లుతుంది. నువ్వు చూసేసరికి అయిపోయి ఉంటుంది."

"మరేం చెయ్యాలి?"

"మొక్కలకు పైదీపం వెలిగి ఉన్న పూటే నీళ్లు పొయ్యి. కింది ఆకులు తుంచెయ్, గాలాడుతుంది. ముందు ఈ ఫ్యాను గొట్టం కిటికీలోంచి బయటికి పెట్టు. తడిగాలినంతా ఇంటి లోపలి వసారాలోకి వదులుతున్నావు."

"కిటికీ తెరిస్తే చలి. వెచ్చటి గాలి వీధిపాలవుతుంది."

"తడి ఎక్కడికి పోతుంది మరి?"

"ఇల్లంత ఇల్లుంది. ఎటో పోతుంది."

వసారాలో గొట్టం నోటికి ఎదురుగా ఉన్నది ఒతీలియా గది తలుపు.   నిబియా ఫ్లాస్కులోంచి మాతే కప్పులోకి వేడినీళ్లు ఒంపుతోంది.

మిల్టన్ అత్తగారి గదిలోని యంత్రాన్ని గుడారంలో పెడితే సరిపోతుందన్నాడు. కోత అయ్యేదాకానే.

"అమ్మకు చలికాలంలోనే కదా అది కావాల్సింది," అంది నిబియా.

"మీ అమ్మ స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకోగలదు. మొక్కకు వెయ్యగలమా చెప్పు?"

తబారే నవ్వాడు. నిబియా కూడా నవ్వింది. ఆ నవ్వు తర్వాత ఆమెను వదల్లేదు. ఎందుకు నవ్వానని బస్సులో తనను తానే అడిగింది, గిన్నెలు తోముతూ మళ్లీ అడిగింది. ఇంటికొచ్చిన మనిషి ముందు భర్త మాటకు నవ్వడం ఆమె చేతులకు అలవాటైపోయిన పని. కప్పు అందించినట్టు నవ్వు అందించింది.

ఒతీలియా తన గదిలోంచే విని కేకేసింది. "పట్టుకెళ్లు నాయనా. ఏటి ఒడ్డున పుట్టినదాన్ని. తేమ నాకు చుట్టమే."

యంత్రం గుడారంలోకి పోయాక దాని పని నిబియాకు వచ్చింది. మిల్టన్ డబ్బా తీస్తే ఆకులు చిరిగేవి. "నీ చెయ్యి నెమ్మది నిబీ," అన్నాడు. మీటరు చూడడం, ఆకులు తుంచడం, నేల మీద పడిన నీళ్లు తుడవడం, అన్నీ ఆ నెమ్మది చేతికే వచ్చాయి. ఫోన్లో మిత్రులకు మిల్టన్ చెప్పేవాడు: "నలభై ఎనిమిది దగ్గర నిలబెట్టాను."

నిబియా మందుల దుకాణంలో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. ఆగస్టులో ఒక సాయంత్రం ఒకామె తల్లికి ఊపిరి పీల్చే మందు కొనడానికి వచ్చింది. నిబియా చీటీ చూసి, మందు ఇచ్చి, అలవాటుగా అంది: "గది పొడిగా ఉంచండి. మంచం గోడకు ఆనించకండి." ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆమె కాసేపు చిల్లర లెక్కపెట్టలేకపోయింది. వెనక నుంచి యజమాని అన్నాడు: "నిబియా, నువ్వు మందులివ్వు చాలు. సలహాలివ్వడానికి చదువుకున్న అబ్బాయి ఉన్నాడు."

ఇంటికి వచ్చి, కోటు విప్పకుండానే గుడారంలోని మీటరు తీసుకుని తల్లి గదిలోకి వెళ్లింది. అన్నాళ్లూ ఆ మీటరును ఇంకో గదిలో పెట్టి చూడాలని ఆమెకు తట్టలేదు. మంచం గోడకు జానెడు దూరంగా ఉంది. గోడ మీద ఒతీలియా శాలువా వేలాడుతోంది.

"మంచం ఎవరు జరిపారమ్మా?"

"నేనే. కొంచెం కొంచెం."

నిబియా శాలువా ఎత్తింది. తలగడ ఎత్తు నుంచి పైదాకా గోడ బూజు పట్టి నల్లగా ఉంది.

"దించు. చూస్తే నీకు నిద్ర పట్టదు," అంది ఒతీలియా.

మీటరు అంకె కాసేపు మారి, ఎనభై ఆరు దగ్గర ఆగింది.

"ఎంతుందే?"

"కాస్త ఎక్కువే."

"గుడారంలో?"

"నలభై ఎనిమిది."

ఒతీలియా నవ్వింది. "అయితే నన్ను కూడా గుడారంలో పడుకోబెట్టు. అల్లుడు పూటకోసారి వచ్చి చూసి పోతాడు." నవ్వులోంచి దగ్గు వచ్చింది. ఆ దగ్గు ఆగేదాకా నిబియా ఆమె వీపు రాస్తూ కూర్చుంది. వీపు మీద నైటీ తడిగా ఉంది.

ఆ పూటే యంత్రం తీసేయాలని లేచింది. మిల్టన్ గుడారానికి అడ్డంగా నిలబడలేదు, అరవలేదు. "రెండు వారాలు నిబీ. ఇప్పుడు తీస్తే ఇన్నాళ్ల కష్టం బూజు పాలు. ఆదివారం తబారే దగ్గర ఇంకో యంత్రం అడుగుతాను," అన్నాడు. నిబియా ఆదివారం దాకా ఆగింది. ఆదివారం తబారే ఫోను ఎత్తలేదు. మంగళవారం అంబులెన్సు వచ్చింది. ఆసుపత్రి గది పొడిగా, వెచ్చగా ఉంది. ఒతీలియా పైకప్పు చూసి, "ఇక్కడ మల్వోన్ పెట్టరా?" అంది. శనివారం చనిపోయింది.

ఖననం ముగించుకుని ఇంటికి వచ్చాక నిబియా గుడారం జిప్పు తీసింది. ఆకులు తగిలాయి. యంత్రం తీసుకుని తల్లి గదిలో పెట్టింది. శాలువా తీసి మడిచింది. బ్లీచు కలిపి గోడ కడిగింది. నలుపు పూర్తిగా పోలేదు. యంత్రం ఆన్ చేసి తలుపు మూయబోతుంటే మిల్టన్ వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అతను కూడా ఏడ్చాడు. ఒతీలియా అంటే అతనికి ఇష్టమే.

"నిబీ, నేను అంటున్నానని అనుకోకు. ఆ గదిలో ఇప్పుడెవరున్నారు? ఎవరూ లేని గదికి అది ఎందుకు?"

నిబియా తమ గదిలోకి వెళ్లి తన తలగడ, దుప్పటి, మంచం కింది కుట్టుమిషను తెచ్చుకుంది. మిషను బరువు. మిల్టన్ సాయం పట్టబోతే వద్దంది.

"నేనుంటాను," అంది.

పొద్దున లేచి చూస్తే ఎర్ర దీపం వెలగలేదు. డబ్బాలో నీళ్లు అడుగున ఉన్నాయి. గోడవి కొన్ని, గాలివి కొన్ని, తన ఊపిరివి కొన్ని. తల్లివి లేవు. ఆ సంగతి డబ్బా ఎత్తినప్పుడు ఆమె చేతులకు తెలిసింది.  తర్వాత ఆ నీళ్లు తీసుకెళ్లి మల్వోన్‌కు పోసింది.

"నిబీ! ఒకసారి ఇటు రా. పెద్ద మొగ్గలో ఏదో బూడిదరంగుగా ఉంది. మీటరు డెబ్భై చూపిస్తోంది. వచ్చి చూడు," చిన్నగదిలోంచి మిల్టన్ పిలిచాడు.

ఆమె వంటింట్లోకి వెళ్లి పెద్దగిన్నె దించింది. మాంసం వేసింది, మొక్కజొన్న వేసింది, తల్లి కోసినట్టు గుమ్మడిని తొక్కతోనే ముక్కలు కోసి వేసింది. గిన్నె మరగడం మొదలుపెట్టింది. ఆవిరి కిటికీ అద్దం మీదికి, గోడల మీదికి, వసారాలోకి పోయింది.

మూత ఆమె చేతిలోనే ఉంది. పెట్టలేదు.