ఎమ్మెట్ విందుకు మాంసం

మావాళ్లెవరూ వేటకు పోతూ ఫలానా జంతువును కొట్టి తెస్తానని అనరు. "అలా ఏటి మీదికి పోయి చూసొస్తా" అంటారు, అంతే. గొప్పలు విన్న జంతువు మనకు చిక్కదు. పాలు తాగే పిల్లకు కూడా తెలిసిన ముక్క ఇది. నా మొగుడు లెస్టర్‌కు తెలియదా? తెలుసు. తెలిసీ అన్నాడు.

మా ఎమ్మెట్ పోయి ఏడాదైంది. యూకాన్ ఏటిలో పడవ తిరగబడింది. ఒక్కగానొక్క కొడుకు. ఏడాది విందులో ఊరందరికీ మూస్ దుప్పి మాంసం వండి పెట్టి, వాడి వాటా నిప్పులో వేస్తేనే వాడు ఇక్కడి నుంచి కదిలి తన దారిన పోతాడు. వేట కాలం ముగిసినా విందు కోసమని ఒక్క దుప్పిని కొట్టడానికి సర్కారువాళ్లు అనుమతి ఇచ్చారు. ఆ ఏడు ఊళ్లో ఎవరికీ దుప్పి దొరకలేదు, అడిగి తెచ్చుకుందామన్నా లేదు. ఏటిలో అప్పటికే మంచుపలకలు దిగుతున్నాయి. అవి ముదిరితే పడవ నడవదు.

సరిగ్గా అప్పుడు దిగాడు టాడ్, తన కెమెరాలతో. మూడేళ్లుగా మా ఆయన వేటను టీవీలో చూపిస్తున్న డైరెక్టర్ వాడే.

"అన్నా, ఒక్క మాట. కెమెరా వైపు చూసి, 'మా అబ్బాయి కోసం ఇవాళ దుప్పిని కొట్టి తెస్తా' అను. ఎమ్మెట్ పేరు దేశమంతా వింటుంది."

"మాలో అలా అనకూడదయ్యా" అన్నాడు లెస్టర్.

"మాటలకే పారిపోతుందా ఏంటన్నా?"

మా అత్త యూలా పొయ్యి దగ్గర నుంచే అరిచింది. "ఒరే లెస్టర్, నోరు మూసుకుని పడవెక్కు!"

కానీ కొడుకు పేరు దేశమంతా వింటుందన్న మాట ఆయన గుండెల్లో దిగిపోయింది. అన్నాడు. గాలి చప్పుడులో సరిగ్గా వినబడలేదని మళ్లీ అనిపించాడు టాడ్. వాడి జిమ్మడిపోను, ఆ తర్వాత ఇంకోసారి కూడా.

నేనూ పడవ ఎక్కాను. పొద్దు వాలుతుండగా విల్లో పొదల్లోంచి వచ్చింది దుప్పి. ఇంత పెద్ద కొమ్ములతో నీళ్ల అంచున నిలబడింది. లెస్టర్ తుపాకీ ఎత్తాడు.

"ఆగన్నా, మబ్బు కమ్మింది. ఒక్క నిమిషం, ఎండ రానీ" అని గుసగుసలాడాడు టాడ్.

ఆగాడు! బుద్ధెరిగిన నాటి నుంచి దుప్పిని ఎదురుగా పెట్టుకుని ఆగి ఎరగని మనిషి, ఆగాడు.

"కాల్చవయ్యా!" అన్నాను. అది మా వైపు ఒకసారి చూసి పొదల్లోకి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దస్తమానం తిరిగాం. అడుగుజాడ కూడా కనబడలేదు. ఆ తర్వాత ఏరు గడ్డకట్టింది.

విందుకు టాడ్ విమానంలో ఆవు మాంసం పంపించాడు. పెద్దలు తలొంచుకుని తిన్నారు. నాలుగు తిట్టినా బాగుండేది. అత్త మాత్రం ముద్ద ముట్టలేదు. "ఇది వాడి తిండి కాదే, ఇది పెడితే ఎలా కదులుతాడే" అని ఏడ్చింది. నిప్పులో వేసింది కూడా ఆ మాంసమే.

చలికాలం నడుమ ఆ కార్యక్రమం టీవీలో వచ్చింది. ఇంతకుముందైతే ఊరంతా మా ఇంట్లో చేరేది. ఈసారి మేమిద్దరమే కూర్చున్నాం. తెర మీద లెస్టర్ ఆ మాట అన్నాడు. తుపాకీ ఎత్తాడు. అది పేలింది. దుప్పి కూలింది!

"ఇదెక్కడిదయ్యా?" అన్నాను.

"రెండేళ్ల కిందటిది. తెచ్చి అతికించారు."

కొడుకును ఘనంగా సాగనంపిన తండ్రి అంటూ టీవీలో ఎవడో గంభీరంగా చెబుతున్నాడు. లెస్టర్ దుప్పి కొమ్ము పట్టుకుని లాగుతున్నాడు. అవతలి కొమ్ము పట్టుకున్న మనిషిని తెరలోంచి కోసేశారు. చేతులు మాత్రం మిగిలిపోయాయి. నా బిడ్డ చేతులు, చలికి ఎర్రగా కందిపోయి.

లెస్టర్ లేచి టీవీ దగ్గరికి వెళ్లి, ఆ చేతుల మీద తన చెయ్యి పెట్టాడు.

"వీడు పోలేదే" అన్నాడు. "ఇక్కడే ఉండిపోయాడు. మనం పంపలేకపోయాం."