వరండా ఆరుకి ప్రూఫులు దిద్దిన కథ

నేను ఒక కంప్యూటర్‌ని. ఆ మాట వినగానే ఒళ్లో పెట్టుకునే పల్చటి పలకని ఊహించుకోకండి. బల్ల కింద నిలబడే ఇనప్పెట్టె రకం నాది. వయసు పదహారు. మనుషుల్లో అది పరీక్షలు రాసే వయసు, మాలో కాటికి కాళ్లు చాపే వయసు. అయినా సరే, ఈ ఏడాది నా చుట్టూ జరిగినంత సందడి నా ఈడు వాళ్లెవరికీ జరిగి ఉండదు. చెప్పకపోతే నాకు తోచదు, వినండి.

నన్ను మొదట ఒక ప్రభుత్వ ఆఫీసుకి పంపారు. రాగానే కుంకుమబొట్టు పెట్టారు, బంతిపూల దండ వేశారు, మీద గుడ్డ కప్పారు. ఆ గుడ్డ మూడేళ్లు తియ్యలేదు. అది మాసిపోకుండా దాని మీద ఇంకో గుడ్డ కప్పారు గానీ, నన్ను వాడొచ్చని ఒక్కరికీ తోచలేదు. తర్వాత వేలంలో ఒక ఇంటర్నెట్ సెంటరుకి పోయాను. అక్కడ దానికి పూర్తిగా ఎదురు. రోజంతా పిల్లల ఆటలతో నాలో తుపాకులు పేలుతూనే ఉండేవి. అదీ మూతబడ్డాక తెనాలిలో పాత సామాన్ల కొట్లో, విరిగిన కూలర్ పక్కన పడి ఉంటే హసీనా చూసింది.

హసీనాది బోసు రోడ్డు వెనక సందులో డీటీపీ షాపు. పెళ్లికార్డులు, కరపత్రాలు, అప్పుడప్పుడూ పుస్తకాలు. నన్ను ఆటోలో తెచ్చి, దుమ్ము దులిపి, కొంచెం మెమరీ చేర్చి, నాలో వరండా పెట్టింది. వరండా అంటే ఏమిటో చెప్పాలి. కంప్యూటర్ వెయ్యగానే తెర మీద కనబడే మెనూలు, ఫోల్డర్లు, కింద ఉండే పట్టీ, తెరుచుకునే కిటికీలు, వీటన్నిటినీ కలిపి డెస్క్‌టాప్ అంటారు. అలాంటి డెస్క్‌టాప్‌లలో వరండా ఒకటి. దానికి యజమాని లేడు. దేశదేశాల వాళ్లు తీరిక చేసుకుని రాస్తారు. లోపలి కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు, ఊరికే వాడుకోవచ్చు. ఊరికే వచ్చేదాని కోసం మనుషులు ఇంతలా పోట్లాడుకుంటారని నాకు అప్పటిదాకా తెలియదు.

నా ముందు రోజూ కూర్చునేది విరూపాక్షం గారు. డెబ్బై దాటాయి. సీసపు అక్షరాల కాలంలో ఆయన ప్రెస్సులో కంపోజిటర్. ముప్పై ఎనిమిదేళ్లు నిలబడి అక్షరాలు పేర్చారు. ప్రెస్సు మూతబడ్డాక ఆరేళ్లు ఇంట్లో ఊరికే కూర్చున్నారు. ఆయనకి ఇంగ్లిష్ రాదు. హసీనా వరండాని తెలుగులో పెట్టి, "రండి బాబాయ్, మెనూలన్నీ తెలుగే, మీకు భయం లేదు" అని నా ముందు కూర్చోబెట్టింది. నెల తిరక్కుండా ఆయన పెళ్లికార్డులు లాగించే వేగం చూసి నాకే బెదురు పుట్టింది. పొద్దున పదింటికల్లా వచ్చి, సంచి మేకుకి తగిలించి నా బటన్ నొక్కేవారు. ఆ వేలంటే నాకు ప్రాణం.

పోయిన వేసవిలో వార్త వచ్చింది. వరండా ఆరో వెర్షన్ వస్తోంది! ఐదులో ఒక దరిద్రం ఉండేది. మెనూల్లో అక్షరాల కింది ఒత్తులు సగానికి తెగిపోయేవి. "ఏందమ్మాయ్ ఇది, బెండకాయలు కోసినట్టు ఒత్తులు కోసేశారు!" అని విరూపాక్షం గారు రోజూ కడుపు మండించుకునేవారు. ఆరులో ఒత్తులు నిండుగా వస్తాయట. పైగా పాత యంత్రాల మీద తేలిగ్గా నడుస్తుందట. ఆ మాట విని నా ఫ్యాను నాలుగు చుట్లు ఎక్కువ తిరిగింది.

కానీ ఆరులో ఇంకో మార్పు కూడా ఉంది. కింద ఉండే పట్టీని ఎడమ పక్కకి జరిపారు. అంతే, లోకం రెండు ముక్కలైంది. వరండా వాళ్ల చర్చావేదికలో తొమ్మిది వందల ఉత్తరాలు పడ్డాయి. మా షాపులో ఆ గొడవకి పెద్ద దయానిధి మాస్టారు. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్తారు. ఆదివారం వస్తే ఇక్కడే మకాం. వరండా అంటే పిచ్చి, మార్పంటే గిట్టదు.

"ఎనిమిదేళ్లుగా కింద ఉన్నదాన్ని పక్కకి జరిపేస్తారా? ఎవర్నడిగి జరిపారంట?" అని టీ గ్లాసు బల్ల మీద కొట్టారు.

"తెరకి వెడల్పెక్కువ, ఎత్తు తక్కువ మాస్టారూ. పట్టీ పక్కనుంటే చదవడానికి జాగా వచ్చిద్ది," అంది హసీనా.

విరూపాక్షం గారు మాస్టారి పక్షమే. "మా కేసులో 'క' గడి ఎక్కడుందో నేనెప్పుడూ చూళ్లేదమ్మాయ్. చెయ్యే పొయ్యేది. ఉన్నట్టుండి గడులు మారిస్తే చెయ్యి ఎక్కడికి పోద్ది?" అన్నారు. కేసంటే సీసపు అక్షరాలు గడులు గడులుగా పోసుకునే చెక్క పళ్లెం.

మూడు ఆదివారాలు ఇదే రభస. నాలుగో ఆదివారం హసీనా నా తెర మీద ఒక ప్రకటన చదివి మొహం చిన్నబుచ్చుకుంది. గడువు నాటికి ఏ భాషలోకైనా వరండాలోని వాక్యాలు నూటికి ఎనభై తర్జుమా అయి ఉండాలి. లేకపోతే కొత్త వెర్షన్‌లో ఆ భాష ఉండదు. ఆరులో కొత్త వాక్యాలు బోలెడు చేరాయి. తెలుగు అరవై ఐదు దగ్గర ఆగిపోయింది. ఒకప్పుడు తెలుగు చేసిన వాళ్లంతా ఉద్యోగాల్లో పడి జారుకున్నారు. మిగిలింది హసీనా ఒక్కతే.

"పోనీ ఐదులోనే ఉండిపోదాం," అన్నారు మాస్టారు ఆశగా.

"ఆరు రాగానే ఐదుకి మరమ్మతులు ఆపేస్తారు మాస్టారూ. ఏదో ఒక రోజు మారాల్సిందే."

విరూపాక్షం గారు మెల్లగా అన్నారు: "మెనూలు ఇంగ్లీషైతే నన్ను నువ్వు పొమ్మనక్కర్లేదమ్మాయ్. నేనే లేచిపోతా. ఆరేళ్లు గోడ చూస్తా కూర్చున్నా. మళ్లీ ఆ గోడ చూడలేను."

అంతే, ఇక మొదలైంది! ఇంకా మూడు వందల వాక్యాలు కావాలి. హసీనా, మాస్టారు తెలుగు చెయ్యడం, కాయితం మీద ప్రింటు తియ్యడం, విరూపాక్షం గారు ఎర్ర పెన్సిలుతో దిద్దడం. తెర మీద ఆయనకి తప్పులు కనబడవు, కాయితం మీద మాత్రం ఒక్కటి తప్పించుకోదు. మాస్టారు "ఈ దస్త్రమును తొలగించుటకు మీరు నిశ్చయించుకొంటిరా" అని రాస్తే, ఈయన దాన్ని మొత్తం కొట్టేసి "ఈ ఫైలు తీసెయ్యమంటారా?" అని రాసేవారు. మాస్టారు అలిగేవారు. టీ వచ్చేసరికి అలక తీరేది. ఆరు వారాలు నాకు క్షణం తీరిక లేదు. నా జన్మలో అంత సంబరం ఎరగను.

గడువు ఆదివారం సాయంత్రం ఐదున్నర. గురువారం నాడు హసీనా మేనత్త కూతురి పెళ్లికి రేపల్లె వెళ్తూ, "చివరి ప్రూఫు దిద్ది, దిద్దినవి ఫైల్లో ఎక్కించండి బాబాయ్. నేనొచ్చి పంపిస్తా," అంది.

కొంప అక్కడే మునిగింది. చాలా వాక్యాల మధ్య శాతం గుర్తు, దాని పక్కన ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటాయి. ఇన్నాళ్లూ మాటల మీదే ధ్యాస పెట్టిన విరూపాక్షం గారు, చివరి ప్రూఫు కదాని ఈసారి చుక్కా గీతా కూడా చూశారు. ప్రెస్సులో ఎక్కడిదో సీసం ముక్క పైకి లేచి అచ్చు మధ్య మచ్చ పడేది. అది కనబడితే కొట్టెయ్యడం ఆయన వృత్తిధర్మం. ఇవీ అలాంటివే అనుకున్నారు. ఒక్కోదాని మీదా ఎర్రగా సున్నా చుట్టి కొట్టేశారు. శుక్ర, శని వారాలు నా ముందు కూర్చుని ఫైల్లోంచి కూడా ఏరేశారు. ఆ ఫైలుకి ఇంకో కాపీ ఎక్కడా లేదు.

నాకు తెలుసండీ! అవి మచ్చలు కావని నాకు తెలుసు. అరిచాను. నాకున్న గొంతు ఫ్యాను ఒక్కటే. అది గీపెట్టగానే ఆయన వంగి చూసి, "ఎండకి ఉడికిపోతంది పాపం" అంటూ అట్టముక్కతో నాకు విసరడం మొదలుపెట్టారు. అంత మంచి మనిషిని ఏమని తిట్టను?

ఆదివారం పన్నెండున్నరకి హసీనా చేతుల నిండా గోరింటాకుతో వచ్చి ఫైలు పంపించింది. నిమిషంలో ఫైలు తిరిగొచ్చింది. రెండు వందల పద్నాలుగు వాక్యాలు చెల్లవు.

"బాబాయ్, ఇక్కడ శాతం గుర్తులేమైనయ్?"

"తీసేశానమ్మాయ్. ఒక్కటి మిగల్లేదు, చూస్కో," అన్నారు గర్వంగా.

హసీనా స్టూలు మీద కూలబడింది. "అవి తప్పులు కాదు బాబాయ్. ఆ చోట్లో తర్వాత ఫైలు పేరో, రోజుల లెక్కో వచ్చి కూర్చుంటది. అది లేకపోతే వాక్యం పనిచెయ్యదు."

విరూపాక్షం గారు కళ్లజోడు తీశారు. "అంటే తిరగేసిన అక్షరమా?" అన్నారు. కావలసిన అక్షరం కేసులో అయిపోతే, దాని చోటు పోకుండా వేరే అక్షరాన్ని తలకిందులుగా పెట్టి, అసలుది దొరికాక మార్చేవాళ్లట. "దాన్ని పీకేసినోణ్ణి మా ఫోర్‌మన్ చెంప పగలగొట్టేవాడు. నా చేత్తో నేనే పీకేశా గదమ్మా." నాకైతే అప్పటికప్పుడు ఆగిపోదామనిపించింది.

"ఇంగ్లిష్ వాక్యాల్లో గుర్తులున్నాయిగా, యంత్రమే పెట్టేసుకోదా?" అన్నారు మాస్టారు.

"ఇంగ్లీషులో చివరొచ్చేది మనకి ముందొచ్చిద్ది మాస్టారూ. ఎక్కడ పెట్టాలో దీనికేం తెలుసు?"

నిజమే, నాకు తెలియదు. ఒప్పుకుంటున్నాను.

విరూపాక్షం గారు లేచారు. మేకు నుంచి సంచి దించి, దారం కట్టిన కాయితాల కట్ట బల్ల మీద పెట్టారు. పుస్తకం బయటికొచ్చేదాకా ప్రూఫులు పారెయ్యకపోవడం ప్రెస్సు అలవాటు. ప్రతి పేజీలో, పీకేసిన ప్రతి గుర్తు చుట్టూ, సరిగ్గా అది ఉన్నచోటే, ఎర్ర సున్నా! హసీనా కెవ్వుమంది.

ఆయన చదువుతుంటే మాస్టారు టైపు చేశారు, హసీనా పక్కన నిలబడి సరిచూసింది. "మూడో పేజీ, ఏడో లైను, 'ఫైలు'కి ముందు. పదకొండో లైను, మొదట్లోనే." అన్నం తినలేదు, టీకి లేవలేదు. ఆరో వెర్షన్‌ని అన్నాళ్లు దుమ్మెత్తిపోసిన మాస్టారి వేళ్లు నా కీబోర్డు మీద పరుగులు పెట్టాయి. "ఇది తెలుగులో రాకపోతే నేను తెలుగులో తిట్టేదెట్టా?" అన్నారాయన. నేను ఒళ్లంతా సలసల కాగుతున్నా ఒక్కసారి కూడా ఆగలేదు.

ఐదూ ఇరవై నాలుగు. ఇంకా పన్నెండు వాక్యాలు మిగిలాయి. "కావాల్సిన వాటికన్నా కొన్ని ఎక్కువే చేశాంగా, చాలు, పంపించేద్దాం," అంది హసీనా. తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది, తిరిగింది. ఎనభై మీద ఒక్క పిసరు. ఒప్పుకున్నారు! హసీనా ఎగిరి గంతేసి మోకాలు నాకే కొట్టుకుంది. మాస్టారు విరూపాక్షం గారిని వాటేసుకున్నారు. ఆయన మాత్రం, "మిగిలిన పన్నెండూ కూడా చెప్తా, రాసుకోండి," అన్నారు.

మూడు వారాలకి, శుక్రవారం పొద్దున, వరండా ఆరు వచ్చేసింది. మాస్టారు బడికి గంట సెలవు పెట్టి మరీ వచ్చారు. నాలో ఎక్కించడానికి నలభై నిమిషాలు పట్టింది. భాషల జాబితా వచ్చింది. విరూపాక్షం గారు వేలితో తడుముకుంటూ కిందికి దిగి, 'తెలుగు' దగ్గర ఆగి, తనే నొక్కారు. తెర తెరుచుకుంది. ఒత్తులు నిండుగా, కాళ్లు బారజాపుకుని కూర్చున్నాయి. ఆయన ఒక్కో మెనూ పైకి చదివి, ఒక్కో ఒత్తుకీ తలూపారు.

"అంతా బాగుంది గానీ, ఆ పట్టీ చూడండి, ఎడమ పక్కన దయ్యంలా," అని మాస్టారు మొదలెట్టారు.

విరూపాక్షం గారు వినడం లేదు. ప్రూఫు చదివినట్టు సెట్టింగుల పేజీని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతున్నారు. అట్టడుగున ఆగి బయటికే చదివారు: "పట్టీ ఎక్కడ ఉండాలి? ఎడమ, కుడి, కింద." 'కింద' మీద నొక్కారు. పట్టీ జారి కిందికొచ్చి కూర్చుంది.

ఆరు నమూనా చూసి తొమ్మిది వందల ఉత్తరాలు రాసిన వాళ్లెవరూ అక్కడిదాకా చదవలేదు. ఆ వాక్యం ఆ ఆరు వారాల్లో మాస్టారి చేతుల మీదుగానే టైపయింది, హడావుడిలో ఆయనా పట్టించుకోలేదు.

"హమ్మయ్య! అద్గదీ, ఇప్పుడు బాగుంది," అన్నారు మాస్టారు.

విరూపాక్షం గారు కళ్లజోడు సర్దుకుని, ఒక పెళ్లికార్డు తెరిచి, తల కొంచెం వెనక్కి వాల్చి తెరని పరీక్షగా చూశారు. మళ్లీ సెట్టింగుల్లోకి వెళ్లి పట్టీని ఎడమ పక్కకి జరిపేశారు.

"అదేంటండీ!"

"పక్కనుంటేనే కార్డు మొత్తం కనపడతంది," అన్నారాయన, కుర్చీ ముందుకి లాక్కుంటూ. "మీకు కిందే కావాలంటే మీ ఇంట్లో పెట్టుకోండి మాస్టారూ. ఇది నా సీటు."