తిత్తి లేని పెట్టె

ఆ పెడల్‌ను వీరేశం తిట్టని తిట్టు లేదు. సూర్యాపేటలో తన ఇంటి ముందు గదిలో కూర్చుని పొద్దుటి నుంచి దానితో కుస్తీ పడుతున్నాడు. మెల్లగా తొక్కితే కీబోర్డు చప్పుడు మెల్లగా పెరగాలి, మెల్లగా వదిలితే మెల్లగా తగ్గాలి. దాని పని అంతే. ఆ ఒక్క పనీ చేసి చావదు. కాలు ఆనించగానే గొంతు చించుకుంటుంది, మరుక్షణం నోరు మూసుకుంటుంది. పద్యం వెనక సంగీతంలా ఉండదు, ఎవరో ఊరికే తలుపు తీసి వేస్తున్నట్టు ఉంటుంది.

"ఇగ జర అన్నం తిను. అది యాడికి పోతది?" అంది భార్య పుష్ప.

"అది పోదు. నేనే పోత," అన్నాడు వీరేశం.

విసురుగా అన్నాడు గానీ అందులో అబద్ధం లేదు. పద్యనాటకాల్లో హార్మోనియం వాయించడం అతని బతుకు. ఒళ్లో పెట్టుకునేది కాదు, లెగ్ హార్మోనియం. కుర్చీలో కూర్చుని రెండు చేతులతో మీటలు నొక్కుతూ, కాలితో కింద తిత్తి తొక్కాలి. మీసాలు రాని వయసులో తొక్కడం మొదలుపెట్టి, జుట్టు నెరిసేదాకా తొక్కుతూనే ఉన్నాడు. మొన్న ఎండాకాలం ఎలుకలు తిత్తి తోలు కొరికేశాయి. దాన్ని బాగుచేసే ముసలాయన అప్పటికే కాలం చేశాడు. నాటక సమాజం నడిపే వెంకటనర్సయ్యకు ఇదే అదనైంది. ఆయనకు మిర్యాలగూడలో బియ్యం మిల్లు ఉంది, కొత్త వస్తువులంటే మోజూ ఉంది. హైదరాబాదు నుంచి ఎవరో వాడి వదిలేసిన జపాన్ కీబోర్డును పెడల్‌తో సహా తెప్పించి వీరేశం ముందు పెట్టాడు.

"తిత్తి లేదు, ఎలుకల బాధ లేదు. కరెంటు పెడితే సాలు, అదే మోగుతది," అన్నాడు గొప్పగా.

మోగడం మోగింది. మోతె ఊళ్లో నాటకానికి మోగిన మోతకు జనం ఈలలు వేశారు. అనసూయ ఆలాపన మధ్యలో ఆగిపోయి వెనక్కి తిరిగి చూసింది.

అనసూయది కోదాడ. వీరేశం కంటే కొంచెం పెద్దది, అతను అక్కా అంటాడు. ఆమె పద్యం పాడితే వెనక హార్మోనియం వీరేశందే. వేరే ఎవరినీ ఆమె కూర్చోనిచ్చింది లేదు. ఆమె ఊపిరి ఎక్కడ లేస్తుందో, ఎక్కడ ఆగుతుందో ఆమె కంటే ముందు వీరేశం కాలికి తెలుస్తుంది. ఈమధ్య ఆమె గొంతు పలచబడింది. పైస్థాయిలో ఊపిరి చాలని చోట వీరేశం తిత్తిని గట్టిగా తొక్కి స్వరాన్ని కిందనుంచి ఎత్తిపట్టేవాడు. జనానికి అది ఆమె గొంతులాగే వినిపించేది. ఆ సంగతి వాళ్లిద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు, అవసరం పడలేదు.

మోతె నుంచి తిరిగివస్తూ జీపులోనే వెంకటనర్సయ్య తేల్చేశాడు. "మిర్యాలగూడల పద్యాల పోటీ ఉన్నది. గాడ గూడ గిట్లనే ఎగిరిందనుకో, నన్ను ఏమనొద్దు వీరేశం. ఆర్కెస్ట్రా పిలగాన్ని తెచ్చుకుంట. అనసూయమ్మకు ఇగ ఆ పిలగాడే వాయిస్తడు."

నాటకాలు పోతే పోనీ, ఏ దుకాణంలోనో లెక్కలు రాసుకుని బతకవచ్చు. కానీ అనసూయక్క వెనక ఇంకొకడు కూర్చుంటాడన్న మాట అతనికి మింగుడు పడలేదు. ఆ రోజు నుంచి వీరేశానికి తిండి లేదు, నిద్ర లేదు.

పెడల్ విప్పి పెట్రోలుతో కడిగాడు. కొబ్బరినూనె రాశాడు, ఇంకా జారింది. కింద సైకిలు ట్యూబు ముక్క అతికించాడు, మొండికేసింది. చివరికి కీబోర్డును దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని కోదాడ వెళ్లాడు. అక్కడ రేడియోలు బాగుచేసే దేవదాసు దానిలోని వాల్యూం కంట్రోల్ తీసి కొత్తది వేశాడు. ఇంటికొచ్చి చూసుకుంటే మళ్లీ అదే తంతు. మళ్లీ దుప్పటి, మళ్లీ బస్సు. దేవదాసు మళ్లీ మార్చాడు, వైరు కూడా మార్చాడు. వీరేశం మూడోసారి గుమ్మం ఎక్కేసరికి ఆయన తల పట్టుకున్నాడు.

"అన్నా, దీంట్ల ఇంక మార్చటానికి ఏమీ మిగల్లేదు. ఒక పని చేద్దాం. నువ్వు వాయించు, నేను తొక్కుతా."

పెడల్‌ను బల్లమీద పెట్టి అరచేత్తో ఒత్తాడు. వీరేశం ముఖారి రాగం అందుకున్నాడు. ఆ చెయ్యి దిగుతున్నకొద్దీ స్వరం నిండుతూ వచ్చింది, చెయ్యి లేస్తున్నకొద్దీ సన్నబడుతూ పోయింది. ఎక్కడా గతుకు లేదు. వీరేశం ప్రాణం లేచివచ్చింది.

"బాగైంది దేవదాసూ! ఇగ కింద పెట్టు."

కింద పెట్టాడు. వీరేశం కాలు ఆనించాడు. మళ్లీ ఆ తలుపు తీసి వేయడమే మొదలైంది.

దేవదాసు వంగి అతని కాలివంక చూశాడు. వీరేశం కూడా చూసుకున్నాడు. మడమ ఆని, వేళ్లు ఒత్తి, వదిలి, మళ్లీ ఒత్తి, వదిలి, ఆ కాలు తన మానాన తాను తిత్తి తొక్కుతూ ఉంది. తిత్తిలో అయితే ఒకసారి తొక్కిన గాలి లోపల నిలిచి ఉంటుంది. కాలు ఎత్తినా స్వరం పడిపోదు. ఇందులో నిలిచేదేమీ లేదు. కాలు ఎత్తితే అంతా పోయినట్టే. పాపం పెడల్, అతను చెప్పినదల్లా చేస్తూనే ఉంది.

వీరేశం మొహం తెల్లబోయింది. వస్తువు చెడితే బాగుచేసేవాడు ఉంటాడు. కాలిని ఏ దుకాణానికి తీసుకుపోవాలి?

ఇంటికొచ్చాక కాలితో యుద్ధం మొదలైంది. తువ్వాలతో కాలిని కుర్చీకాలికి కట్టుకున్నాడు. చెప్పుమీద ఇటుక పెట్టుకున్నాడు. కాలు మార్చి ఎడమకాలు పెట్టాడు, అది ఇంకా అధ్వాన్నం. పుష్ప జాలిపడి కింద కూర్చుని రెండు చేతులతో అతని పాదం పట్టుకుంది. ఒంటరిగా వాయించినంతసేపూ పాదం బుద్ధిగానే ఉంది. సరే కదా అని అనసూయ పద్యం రికార్డు చేసిన క్యాసెట్ పెట్టాడు. ఆమె గొంతు లేచిందో లేదో, పుష్ప చేతుల్లో పాదం చేపపిల్లలా కొట్టుకుంది.

"నేను పిలిస్తె పలుకవు గని, ఆమె గొంతు ఇంటె మాత్రం నీ కాలు నిలువదు," అని నవ్వింది పుష్ప. అంతలోనే అతని మొహం చూసి నవ్వు ఆపేసింది. వీరేశం రెండు చేతుల్లో తల పెట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడుస్తున్నాడు.

"నాతోని కాదు పుష్పా. గీ కాలు నరుక్కుంటె తప్ప కాదు."

పోటీ రోజు రానే వచ్చింది. మిర్యాలగూడలో ఒక ఫంక్షన్ హాలు, మధ్యాహ్నం వేళ. రేకుల కప్పు కింద జనం, మైకులు, విసనకర్రలు. ముందు వరుసలో వెంకటనర్సయ్య తెల్లబట్టల్లో కూర్చున్నాడు. ఆయన పక్కన ఆర్కెస్ట్రా పిలగాడు కూడా ఉన్నాడు, నీలం చొక్కా వేసుకుని, చూయింగ్ గమ్ నములుతూ.

అనసూయ వేదిక ఎక్కింది. ఆమె పాడాల్సింది కొడుకును పోగొట్టుకున్న తల్లి పద్యం. మైకు ముందు నిలబడి, వెనక్కి చూసి, "శ్రుతి ఇవ్వు తమ్ముడూ," అంది.

వీరేశం మీట నొక్కాడు. ఆమె గొంతు సవరించుకుందో లేదో కాలు అదిరింది. హాలంతా స్వరం ఎగిరిపడింది. ఎవరో కిసుక్కున నవ్వారు. వెంకటనర్సయ్య తలతిప్పి పిలగాడి చెవిలో ఏదో చెప్పాడు, వాడు చొక్కా సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు.

వీరేశం ఇంకేమీ ఆలోచించలేదు. చెయ్యి కీబోర్డు వెనక్కి పోనిచ్చి పెడల్ వైరు పీకేశాడు.

చప్పుడు ఒక్కతీరుగా నిలబడిపోయింది. పెరగదు, తరగదు. కాలు దాని ఇష్టం వచ్చినట్టు తొక్కుకోనీ, ఇక కీబోర్డుకు పట్టదు. వీరేశం గుండె కుదుటపడింది. అనసూయ పద్యం ఎత్తుకుంది.

మొదటి పాదం నడిచింది, రెండోది నడిచింది. మూడో పాదంలో ఆమె పైస్థాయికి వెళ్లి, ఎప్పుడూ ఆగే చోట ఒక్క లిప్త ఆగి, కొంచెం తల వంచింది. ఆ తల వంపుకు ఎన్ని ఊళ్లలో ఎన్నిసార్లు అతను ఊపిరి అందించాడో! కాలు ప్రాణం పెట్టి తొక్కింది. స్వరం మాత్రం ఉన్నచోటే ఉంది. ఆమె మెడనరాలు ఉబ్బాయి. గొంతు కొద్దిగా చీలింది. ఆ చీలిన గొంతుతోనే ఎలాగో పైకి చేరి, అక్కడినుంచి దిగివచ్చి, పద్యం ముగించింది.

హాలు దద్దరిల్లింది. వన్స్‌మోర్లు కొట్టారు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. మొదటి బహుమతి అనసూయకే ఇచ్చారు. వెంకటనర్సయ్య వేదిక వెనక్కి వచ్చి వీరేశం వీపు చరిచాడు.

"శభాష్! పద్యంల ఒక్కసారన్న ఎగరలే. ఇగ గిట్లనే వాయించు, నీకు ఢోకా లేదు. పిలగాన్ని ఇంటికి పొమ్మన్న."

వీరేశం నవ్వాలని చూశాడు. ఆయన వెళ్లిపోయాక చూస్తే, గోడవారగా కుర్చీలో అనసూయ కూర్చుని ఉంది. మంచినీళ్ల గ్లాసు చేతిలో అలాగే ఉంది. అతను దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"ఏమైంది వీరేశం ఇవాళ?" అంది ఆమె. "మూడో పాదంలో నీ కోసం చూశా. లేవు నువ్వు."

"వైరు పీకేసినక్కా," అన్నాడు. "ఎగురుతదని భయమైంది. నన్ను తీసేస్తరని భయమైంది. కాలు మాత్రం తొక్కిందక్కా. పద్యమంత తొక్కిన."

అనసూయ గ్లాసు కింద పెట్టింది. చీలిన గొంతు ఇంకా సర్దుకోలేదు.

"మోతెలో అది ఎగిరెగిరి పడ్డది, జనం నవ్వారు, నాకు సిగ్గేసింది. అయినా నువ్వు ఉన్నావు నా వెనక. తడబడుతూ అయినా వస్తున్నావని తెలిసింది," అంది. "ఇవాళ నేనొక్కదాన్నే పాడుకున్నా తమ్ముడూ."

బయట మైకులో వెంకటనర్సయ్య వచ్చే నెల నాటకం పేరు, పాడేవాళ్ల పేర్లు, కీబోర్డు వాయించేవాడి పేరు చదువుతున్నాడు. తన పేరు వినగానే వీరేశం కింద కూలబడి ఏడ్చాడు.