చల్లారిందా?

ఆ వర్క్‌షాపులో అతన్ని టక్కు మేస్త్రి అంటారు. కొత్తవాళ్లు టక్కరి అనుకుని జేబులు తడుముకుంటారు గానీ, అసలు సంగతి అది కాదు. సరిపడా బిగిసిందని టార్క్ రెంచి 'టక్'మనేదాకా అతను ఏ బోల్టునూ వదలడు. ఆ చప్పుడు విన్నాకే బోల్టు తల మీంచి పక్క ఇనుము మీదికి పసుపు రంగు గీత గీస్తాడు. గీత ఉందంటే ఆ బోల్టుకు మేస్త్రి పూచీ.

ఆ రోజు లిఫ్టు మీదున్న స్పోర్ట్స్ కారును నడిపేది పరాయివాడు కాదు, మేస్త్రి మేనల్లుడు. మధ్యాహ్నం ట్రాక్ మీద ట్రయల్. మునుపటి పరుగుల కుదుపులకు కారు అడుగున బోల్టులు వదులయ్యాయి. గేరుబాక్సును కింద నుంచి పట్టి ఉంచే ఇనుప పట్టీ, బ్రేస్ అంటారు దాన్ని, ఒక మూల చీలింది. దానికి ఇంకో రేకు అతికి గట్టిపరచాలి. ఆ వెల్డింగ్ పని బావది. బావ అంటే అక్క మొగుడు, ఆ కుర్రవాడి కన్నతండ్రి.

వేడి మీద బోల్టు బిగించకూడదు. కాలిన ఇనుము ఉబ్బి ఉంటుంది, అప్పుడు రెంచి టక్కుమన్నా అది దొంగ టక్కే. చల్లారాక ఇనుము ముడుచుకుంటుంది, బోల్టు వదులైపోతుంది. అందుకే మేస్త్రి "చల్లారిందా?" అని అడుగుతాడు, బావ "చల్లారింది" అన్నాకే రెంచి పడతాడు. చెయ్యి పెట్టి చూడడు. బావ చెప్పాక కూడా తడిమి చూస్తే బావను నమ్మనట్టే కదా.

అయితే ఆ పొద్దున మేస్త్రికి నోటి దురద పుట్టింది. సైలెన్సరు మీద బావ పెట్టిన అతుకు చూసి, "ఇది వెల్డింగా బావా, కోడి గెలికిందా?" అన్నాడు అందరి ముందూ. అందరూ నవ్వారు, కన్నకొడుకూ నవ్వాడు. బావ ముఖం మాడ్చుకుని అద్దాల ముసుగు దించుకున్నాడు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు.

వెల్డింగ్ మెరుపులు ఆగాయి. ట్రాక్ నుంచి బండి పంపమని కబురొచ్చింది. మేస్త్రి మందపాటి గ్లవ్స్ తొడుక్కుని కారుకు ఇవతల నుంచి అడిగాడు.

"బావా, చల్లారిందా?"

"ఎప్పుడో చల్లారింది లేరా," అన్నాడు బావ, చేతులు కడుక్కుంటూ. నవ్వాడు కూడా.

ఇప్పుడే ఆపిన వెల్డింగ్ ఎప్పుడో ఎలా చల్లారుతుందన్న అనుమానం మేస్త్రికి రావాల్సింది. రాలేదు. అలిగిన బావ పలికాడన్న సంబరంలో కారు కిందికి దూరి టక్కు టక్కుమని బిగించేశాడు, గీతలు గీసేశాడు.

"అయిందా మామా?" అన్నాడు మేనల్లుడు.

"ఇక కళ్లు మూసుకుని తోలుకో అల్లుడూ."

ట్రాక్ మలుపులో గేరుబాక్సు జారింది. వెనక చక్రాలు పట్టేశాయి. కారు గోడకు కొట్టుకుంది.

నుజ్జయిన కారు వర్క్‌షాపుకు వచ్చాక మేస్త్రి దాని కిందికి దూరాడు. బ్రేస్ బోల్టులు వేళ్లకే తిరుగుతున్నాయి. బోల్టు మీది గీత ఒక చోట, ఇనుము మీది గీత ఇంకో చోట. ఇనుము మీది పసుపు రంగు పొంగి పొక్కులు లేచి ఉంది. కాలే ఇనుము మీద పూస్తేనే రంగు అలా పొక్కుతుంది. తను బ్రేస్ గురించి అడిగాడు. బావ తన కోపం గురించి చెప్పాడు. అది తెలిసొచ్చి మేస్త్రి అక్కడే, కారు కిందే ఏడ్చాడు.

కుర్రవాడి ప్రాణానికి భయం లేదు గానీ నడుం కింద ఇక కదలిక రాదని డాక్టర్ చెప్పేసింది. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్న బావ అప్పటిదాకా పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. మేస్త్రిని చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు.

"ఒక్క మాట అడుగుతాను, దాచకు. చల్లారిందా అన్నావే, దేని గురించిరా?"

మేస్త్రి బావ చేతుల వంక చూశాడు. ఇక నుంచి కొడుకును ఎత్తి కూర్చోబెట్టాల్సినవి, ఒళ్లు తుడవాల్సినవి ఆ చేతులే. నిజం చెబితే అవి కొడుకును తాకగలవా?

"నీ కోపం గురించే బావా."

"మరి బ్రేస్ సంగతి?"

"అడగలేదు. తొందరపడి వేడి మీదే బిగించేశాను."

బావ గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ముఖంలో ముందు బరువు దిగింది, ఆ తర్వాతే అసహ్యం వచ్చింది. మందుల సంచితో వచ్చిన అక్క తలుపు దగ్గరే నిలబడి అంతా విన్నది.

"వెళ్లిపో," అంది. "వాడు కళ్లు తెరిచి మామ ఏడీ అంటే, చచ్చిపోయాడని చెప్తాను."

నిజం మేస్త్రి నాలుక చివరిదాకా వచ్చింది. అక్క ఏమన్నా పడగలడు గానీ ఆ మాట పడలేకపోయాడు. నోరు తెరవబోయి బావ వైపు చూశాడు. అక్క సంచిలోంచి బావ నీళ్ల సీసా తీసుకుని తాగుతున్నాడు. మేస్త్రి మెట్లు దిగి వెళ్లిపోయాడు.