కన్నుకొట్టిన బ్రేకు మేడమ్

డ్రైవింగ్ పరీక్ష పెట్టే ఆవిడని అందరూ బ్రేకు మేడమ్ అనేవాళ్లు. పక్క సీట్లో కూర్చుని ఆవిడ నోరు తెరిస్తే వచ్చే మాట అదొక్కటే మరి. నవ్వడం సంగతి దేవుడెరుగు, ఆవిడ పెదవులు విచ్చుకోగా చూసినవాళ్లే లేరు.

ఒక సోమవారం పొద్దున్నే ఆవిడ ఎడమకన్ను ఇసుక పోసినట్టు గరగరలాడింది. మైదానంలో లేచే దుమ్ము పని అనుకుని, మాస్కు బిగించి కారెక్కింది.

మొదట ఒక బట్టతలాయన వచ్చాడు. “వెనక్కి తీసి గీతల మధ్య పెట్టండి,” అంది. ఆయన ఆవిడవైపు చూశాడు, చెవులదాకా ఎర్రబడ్డాడు, స్టీరింగు వదిలేసి చొక్కా సర్దుకున్నాడు. కారు వెళ్లి గోడ పక్కనున్న పూలకుండీని ముద్దాడింది.

“బ్రేకు!”

“మరి మీరే కదండీ...” అని నసిగాడాయన.

“నేనేం చేశాను?”

“అబ్బే, ఏం లేదండీ.”

తర్వాత వచ్చిన పెద్దావిడ ఎర్రలైటు దగ్గర చక్కగా ఆగింది. మేడమ్ మొహంలోకి చూసి, ఝామ్మని ముందుకు పోనిచ్చింది.

“లైటు కనబడలేదా?”

“కనబడింది తల్లీ! పర్లేదు పొమ్మని నువ్వు సైగ చేస్తేనూ!”

ఇద్దర్నీ ఫెయిల్ చేసి, ఒళ్లు మండిపోతూ ఇల్లు చేరింది మేడమ్. వస్తూనే తోడికోడలు ఎదురైంది.

“ఏంటక్కా, నాకు కన్ను కొడుతున్నావ్?” అని పకపకా నవ్విందామె. అంతలోనే నవ్వు ఆగిపోయింది. “ఉండు, నువ్వు ఒక్క కన్నే ఆర్పుతున్నావ్! ఆ మాస్కు తియ్యి.”

తీస్తే ఎడమవైపు మూతి జారి ఉంది. పక్షవాతమేమోనని మేడమ్ మొగుడు హడలిపోయాడు. ఉన్నపళాన ముగ్గురూ ఆసుపత్రికి పరుగెత్తారు.

డాక్టరమ్మ నుదురు ముడవమంది. భర్త కూడా భయంభయంగా ముడిచాడు.

“మీరు కాదండీ, ఆవిడ!” అంది డాక్టరమ్మ. మేడమ్ నుదురు ఎడమవైపు ముడత పడలేదు. “పక్షవాతమైతే నుదురు ముడత పడేది, ఇది అది కాదు. ఈమధ్య అడవివైపు ఏమైనా వెళ్లారా?”

“మా తోడికోడలు లాక్కెళ్లింది. వచ్చాక మోకాలి వెనక గుండ్రంగా ఎర్రమచ్చ లేచింది. దురదా నొప్పీ లేదని వదిలేశాను.”

“పశువుల రక్తం పీల్చే పిడుదు పురుగు కుట్టి ఉంటుంది. లైమ్ అనే జబ్బు దాని ద్వారానే వస్తుంది. మొహాన్ని కదిలించే నరం దెబ్బతిని ఎడమరెప్ప పడట్లేదు. కుడిది ఒక్కటే పడుతుంటే, చూసేవాళ్లకి కన్ను కొట్టినట్టే కదా!”

మేడమ్‌కి పొద్దుటి సంగతంతా కళ్లముందు మెదిలింది. “అయ్యో, ఆ బట్టతలాయన నన్నేమనుకున్నాడో!” అని తల పట్టుకుంది.

రక్తపరీక్ష డాక్టరమ్మ మాటే నిజమని తేల్చింది. మూడు వారాలు మాత్రలు, పగలు కంట్లో చుక్కలు. కన్ను ఎండిపోకుండా పడుకునే ముందు రెప్పకి టేపు వేసే పని భర్తది. రోజూ ఎంతో శ్రద్ధగా వేసి, సగం కనుబొమ్మ పీకేవాడు. మేడమ్ ఆ ఇద్దరికీ కబురుపెట్టి, క్షమాపణ చెప్పి, మళ్లీ పరీక్ష పెట్టించింది, వేరే అధికారి చేత. పెద్దావిడ పాసైంది. బట్టతలాయన పూలకుండీని మళ్లీ గుద్దాడు.

నెల దాటాక ఒక ఉదయం ఎడమరెప్ప బరువుగా కిందికి దిగినట్టనిపించింది. మేడమ్ అద్దం ముందుకు పరుగెత్తి, రెండు కళ్లూ మూసుకుని చూసుకోబోయింది. ఏం కనబడుతుంది, చీకటి తప్ప?

“ఏమండీ, ఇలా రండి! రెండూ మూసుకున్నాయా?”

భర్త దగ్గరికొచ్చి వంగి చూశాడు. “మూసుకున్నాయే!”

“సరిగ్గా చూసి చెప్పండి.”

“చూశానే బాబూ, తలుపులేసినట్టు మూసుకున్నాయి.”

అయినా ఆవిడ కళ్లు తెరవలేదు. అలాగే నిలబడి, రెండువైపులా సమానంగా రాని మూతితో, హాయిగా నవ్వింది.